ఒరవడి దిద్దించే ఆదివారాలు: నెల్లూరు పద్యరచన తరగతిలో ఆరు నెలలు

నెల్లూరు రంగనాయకులపేటలో, రంగనాథస్వామి గుడి గాలిగోపురం కనిపించేంత దూరంలో, ఒక పాత మేడ మీది గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటల నుంచి ఆరున్నర వరకు పద్యరచన తరగతి జరుగుతుంది. వీధిలోకి బోర్డేమీ లేదు. కింద ఉన్న జెరాక్సు షాపులో "పద్యాల అయ్యవారి క్లాసు" అని అడిగితే మెట్లు చూపిస్తారు. నేను కావలిలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే బస్సెక్కి, ఆరు నెలల పాటు ఈ తరగతికి వెళ్లాను. 24 వారాల్లో 22 వారాలు హాజరయ్యాను. పద్యం రాయాలన్న కోరిక ఉండి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది నాకు తెలుసు. వాళ్లకు పనికొస్తుందనే ఉద్దేశంతో ఇక్కడ ఏం నేర్పుతారో, ఎలా నేర్పుతారో, ఎక్కడ లోటు ఉందో వివరంగా రాస్తున్నాను.

ముందు నా పరిస్థితి చెప్పాలి. అంతకు రెండేళ్ల క్రితం నేను ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరి, గణాలు (పొట్టి, పొడవు అక్షరాల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి నియమిత చోట పడే జత అక్షరం), ప్రాస (అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావడం) అన్నీ పట్టికలుగా బట్టీపట్టి, పరీక్ష రాసి, సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాను. ఆ తరువాత రాసిన పద్యాల్లో గణాలు సరిపోయేవి, యతి కుదిరేది, ప్రాస తప్పేది కాదు. అయినా వాటిని పైకి చదివితే పద్యం విన్నట్టు ఉండేది కాదు. మాటలను కొలిచి, కోసి, పెట్టెలో సర్దినట్టు ఉండేది. ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేరు ప్రతి పద్యానికీ పచ్చజెండా ఊపేది; మా నాన్నగారు మాత్రం రెండో పాదం దగ్గరే నిద్రకు జోగేవారు. ఎందుకు ఇలా అవుతోందో ఆ కోర్సు నడిపినవాళ్లను అడిగితే, "సాధన చేయండి" అన్న జవాబు తప్ప మరొకటి రాలేదు. ఏది సాధన చేయాలో వాళ్లూ చెప్పలేకపోయారు.

రంగనాయకులపేట అయ్యవారు మొదటి రోజే చెప్పిన మాట ఒక్కటే: ఒరవడి దిద్దకుండా ఎవరికీ రాత కుదరదు. చిన్నప్పుడు పలక మీద పెద్దలు రాసిచ్చిన అక్షరం మీదనే బలపంతో మళ్లీ మళ్లీ దిద్దితే చేతికి ఆ వంపు పట్టుబడినట్టు, పూర్వకవి పద్యం మీద దిద్దితే నోటికి ఆ నడక పట్టుబడుతుందని ఆయన నమ్మకం. తరగతి మొత్తం ఆ నమ్మకం మీదనే నిలబడి ఉంది. అందరూ పొడవాటి నోటుబుక్కు ఒకటి తెచ్చుకోవాలి. ఎడమ పేజీలో పూర్వకవి పద్యం చేత్తో రాయాలి. దాని కింద గురులఘువులు, అంటే రెండు మాత్రల కాలం పట్టే అక్షరాలు, ఒక మాత్ర కాలం పట్టే అక్షరాలు గుర్తించాలి. ఆ కింద అన్వయం, అంటే పద్యంలో చెదిరి ఉన్న మాటలను మామూలు వాక్యంగా వరస చేసి రాసుకోవాలి. ఆ వాక్యానికీ పద్యానికీ మధ్య తేడా ఏమిటో, కవి ఏ మాటను ముందుకు లాగాడో, దేనిని చివరి దాకా దాచాడో పెన్సిలుతో గీతలు గీసి చూపాలి. కుడి పేజీ మన పద్యానికి. ఎడమ పేజీ పద్యంలోని ఎత్తుగడ, మలుపు, ముగింపు అలాగే ఉంచి, వస్తువు మాత్రం మన ఇంట్లోదో, వీధిలోదో, పనిలోదో తీసుకోవాలి. వారం తరువాత అయ్యవారు ఆ కుడి పేజీ చదివి, ఎక్కడెక్కడ కవి మాట మన మాటగా వేషం వేసుకుని వచ్చిందో ఎర్ర సిరాతో సున్నా చుడతారు. సున్నాలన్నీ తీసేసి మళ్లీ రాయడమే ఇంటిపని.

ఈ చివరి మెట్టే ఈ తరగతికి ప్రాణం. అనుకరించమని చెప్పేవారు చాలామంది ఉంటారు. అనుకరణలో నుంచి మన వాటా ఎంతో తేల్చి చెప్పగలిగినవారిని నేను ఇక్కడే చూశాను.

మొదటి ఐదు వారాలు ఆటవెలది మీద గడిచాయి. ఒరవడి వేమన. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ఇంత మాత్రం తెలిస్తే చాలు, ప్రాస నియమం లేదు కాబట్టి మొదలుపెట్టేవారికి ఇంతకంటే అనువైన పద్యం లేదు. నాతో పాటు చేరినవారు పద్నాలుగు మంది. వారిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, రిటైరైన హెడ్మాస్టరు ఒకరు, రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసే ఆయన ఒకరు ఉన్నారు. ఆ గుమాస్తాగారు మూడో వారంలో చదివిన పద్యం ఆయన అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

మిల్లు ధూళిలోన మెరయు నూకలఁ జూచి
కోళ్లు చేరుకొనెను గుంపుగట్టి
ఊకఁ దీసి గింజ నొందుట కష్టమ్ము
కల్లఁ దీసి నిజముఁ గాంచునట్లె

మేమందరం చప్పట్లు కొట్టాం. అయ్యవారు మొదటి రెండు పాదాల కింద గీత గీసి "ఇది మీ మిల్లు" అన్నారు. చివరి రెండు పాదాల చుట్టూ పెద్ద సున్నా చుట్టి "ఇది ఎవరి మిల్లులోనైనా ఆడుతుంది" అన్నారు. ఆ తరువాత ఇరవై నిమిషాల పాటు, వేమన పద్యంలో మూడో పాదం ఎందుకు మనసులో నాటుకుంటుందో వివరించారు. మొదటి రెండు పాదాల్లో చెప్పిన దానిని మూడో పాదం ఊహించని చోటి నుంచి వచ్చి గుద్దుతుంది. గుమాస్తాగారి మూడో పాదం మొదటి రెంటికీ అర్థం చెప్పడానికి ప్రయత్నించి, కోళ్లను మధ్యలో వదిలేసింది. నూకల కోసం గుంపుకట్టిన కోళ్లు చివరికి ఏమయ్యాయి? ఆ ప్రశ్న ఒక్కటే ఇంటిపని. వేమన ఒరవడి అంటే నీతి చెప్పడం అనుకుని వచ్చిన మాకందరికీ, నీతికి ముందు కన్ను కావాలని ఆ రోజు తెలిసింది.

ఆరో వారం నుంచి తిక్కన. నెల్లూరులో పద్యం నేర్చుకుంటూ తిక్కనను మొక్కుబడిగా చూసి దాటిపోవడం కుదరదు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి, విరాటపర్వం మొదలుకొని భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన మనిషి నడిచిన ఊరిది. అయినా అయ్యవారు ఊరి అభిమానం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేరుగా పద్యంలోకి దింపారు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఎదురుపడినప్పుడు కౌరవ పక్షంలోని పెద్దలు దుర్యోధనుడితో అనే మాట "వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము గెల్తుమనంగ రాదు" అని మొదలవుతుంది. ఉత్పలమాల కాబట్టి పదో అక్షరం దగ్గర యతి పడాలి. లెక్కపెడితే ఆ పదో అక్షరం "అవశ్యము" అనే మాట మధ్యలో ఉన్న "వ". మాట్లాడే మనిషి ఊపిరి మాత్రం అంతకు ముందే, "ఫల్గుణుఁడు" దగ్గర ఆగుతుంది. ఛందస్సు ఆగమన్న చోట మాట ఆగదు, మాట ఆగిన చోట ఛందస్సు ఆగదు. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి సాగుతూ ఉంటే, పద్యం చదువుతున్నట్టు కాక ఎవరో మన ఎదుట నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నా పాత పద్యాలు పెట్టెలో సర్దినట్టు ఎందుకు ఉండేవో నాకు ఆ క్షణంలో అర్థమైంది. నేను యతి ఉన్న ప్రతిచోటా మాటను కూడా తెంచుతున్నాను. రెండేళ్లుగా ఎవరూ చెప్పని కారణం పది అక్షరాల్లో దొరికింది.

తిక్కన ఒరవడిలో మాకు ఇచ్చిన పని కందంలో సంభాషణ. "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. అన్నీ నాలుగు మాత్రల గణాలు, రెండేసి పాదాలకు కలిపి ఎనిమిది; బేసి స్థానాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) కావాలి, ఎనిమిదో గణం గురువుతో ముగియాలి, నాలుగు పాదాలకూ ప్రాస ఉండాలి, మొదటి అక్షరం గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే కావాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఒక మనిషి చేత సహజంగా మాట్లాడించాలి. మా వీధిలోకి చేపల బుట్టతో వచ్చే పెద్దావిడ మా అమ్మతో మాట్లాడే తీరును పట్టుకోవాలని నేను వారమంతా కూర్చున్నాను. బాలింతకు సొరచేప పెట్టడం మన సముద్రతీరంలో అందరికీ తెలిసిన సంగతే కదా. తరగతికి తీసుకువెళ్లిన పద్యం ఇది:

చేపల బుట్టను దించుచు
నాపెయె నవ్వుచును బల్కె నమ్మా రమ్మా
పాపను గన్నది గద నీ
రూపసి కోడలికి సొరయె రుచియున్ బలమున్

అయ్యవారు మూడో పాదం, నాలుగో పాదం రెండుసార్లు చదివించుకున్నారు. మూడో పాదం చివర "నీ" దగ్గర మాట తెగకుండా నాలుగో పాదంలోని "రూపసి" మీదికి దూకడం తిక్కన దగ్గర నేర్చుకున్న సొత్తేనని, దానిని దాచుకోమని చెప్పారు. తరువాత రెండో పాదంలో "ఆపెయె" చుట్టూ సున్నా చుట్టారు. ఆ "యె" ఎందుకు అని అడిగారు. గణం నిండడానికి అని చెప్పాను. "తిక్కన గణం నింపడు, మనిషిని నింపుతాడు, ఆమెకు వయసెంత, చెప్పు" అన్నారు. అరవై దాటి ఉంటుందని చెప్పాను. ఆ వయసు పద్యంలో ఏది? నేను ఎంతసేపటికీ జవాబు చెప్పలేకపోతే, డిగ్రీ చదివే అమ్మాయి వెనుక నుంచి ఒక పాదం అందించింది:

నా పెద్దమ్మ నగి పలికె నమ్మా రమ్మా

"దించుచున్" పక్కన "ఆ పెద్దమ్మ" చేరేసరికి "నా పెద్దమ్మ" అయింది. యతి చెడలేదు, ప్రాస చెడలేదు, "యె" పోయి ఆ చోట ఒక ముసలామె వచ్చి కూర్చుంది. "నవ్వుచును" కంటే "నగి" చిన్న మాట కాబట్టి పలుకు కూడా చురుకుగా మారింది. హెడ్మాస్టరుగారు మాత్రం వెంటనే ఒక ఆక్షేపణ చెప్పారు. చెవితో వినేవాడికి "నా పెద్దమ్మ" అంటే మీ సొంత పెద్దమ్మ అనే అనిపిస్తుంది, అప్పుడు చేపలమ్మేది మీ పెద్దమ్మ అవుతుందని. ఆ మాట నిజమే. అయ్యవారు ఆ వివాదాన్ని తీర్చలేదు. ఏ తప్పుతో బతకగలవో నువ్వే చూసుకో అని నోటుబుక్కు తిరిగి ఇచ్చేశారు. శిష్యుడి పద్యాన్ని తన పద్యంగా మార్చేయకుండా చేయి వెనక్కి తీసుకోగలిగిన గురువు దొరకడం చాలా అరుదు. ఈ తరగతిని నేను మెచ్చుకోవడానికి ఉన్న కారణాల్లో దీనిని మొదటి వరసలో పెడతాను.

తిక్కన తరువాత పోతన దగ్గర నాలుగు వారాలు సాగాయి. సీసపద్యంలో ఒక్కో పాదానికి ఒక్కో ప్రశ్న వేసి, నాలుగు ప్రశ్నలకూ కలిపి కింది తేటగీతిలో జవాబు చెప్పే నిర్మాణం ప్రహ్లాదుడి నోట వచ్చే మందార మకరంద పద్యంలో ఎంత స్పష్టంగా ఉందో చూపించి, ఆ అస్థిపంజరం మీద మా కండ వేయమన్నారు. ఇది సులువుగా వచ్చింది, అందుకే దీనిలో అందరం కొంచెం మోసపోయాం. పోతన తూగు వెంటనే చెవికి ఎక్కి, ఏ మాట పడితే ఆ మాట మధురంగా వినిపిస్తుంది. తియ్యదనం వెనక ఏమీ లేకపోయినా తెలియదు. ఆ వారాల్లో ఎర్ర సున్నాలు అన్నిటికంటే ఎక్కువ పడ్డాయి.

ఇక నన్నయ, ఎఱ్ఱన. ఈ భాగం కోసమే ఈ తరగతికి వెళ్లినా డబ్బు వృథా కాదు.

అనుకరణ అంటే చిన్నచూపు ఉన్నవారికి అయ్యవారు ముందుగా శ్రీనాథుణ్ణి చూపిస్తారు. కాశీఖండం అవతారికలో, అంటే పీఠికలో, ఆయన తన కవిత్వం గురించి చెప్పుకొన్న సీసంలో, వేములవాడ భీమన భంగిలో ఉద్దండలీలగా, నన్నయ మార్గంలో ఉభయవాక్ప్రౌఢితో, తిక్కన ప్రకారం రసాభ్యుచితబంధంగా, ప్రబంధపరమేశ్వరుని ఠేవలో సూక్తివైచిత్రితో పలుకుతానని నాలుగు పాదాల్లో నలుగురిని పేర్కొని, ప్రతి పాదాన్నీ "ఒక్కొక్కమాటు" అని ముగిస్తాడు. కవిసార్వభౌముడు తన బలంగా చెప్పుకొన్నది నలుగురి గొంతులు పలకగలగడం. ఆ నాలుగో పేరు, ప్రబంధపరమేశ్వరుడు, మన గుడ్లూరు ఎఱ్ఱన.

ఎఱ్ఱన చేసిన పనిని మించిన ఒరవడి తెలుగులో లేదు. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ మిగులును ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎఱ్ఱన ఆ ఖాళీని పూరించి, అది నన్నయే రాసినట్టుగా, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు. అంటే తన కాలానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందటి గొంతుతో మొదలుపెట్టి, పర్వం ముగిసేసరికి తిక్కన గొంతు దగ్గరికి చేరాలి. పాఠకుడికి కుట్టు కనిపించకూడదు. ఇన్నాళ్లూ ఈ సంగతి నాకు సాహిత్య చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా తెలుసు. అయ్యవారు ఆ కుట్టు మీదికి మమ్మల్ని తీసుకువెళ్లి, వేలు పెట్టి తడిమించారు.

నన్నయ చివరి పద్యం "శారదరాత్రులు" అని మొదలయ్యే ఉత్పలమాల; శరత్కాలపు రాత్రుల వర్ణన. ఎఱ్ఱన మొదటి పద్యం "స్ఫురదరుణాంశురాగరుచి" అని మొదలయ్యే చంపకమాల. శరత్కాలపు ఉదయాల వర్ణన. రాత్రి దగ్గర గొంతు ఆగితే, తెల్లవారుజాము దగ్గర అందుకున్నాడు. అంతటితో ఆగి మెచ్చుకుంటే చాలదని అయ్యవారు రెండు పద్యాలనూ ఎడమ పేజీలో ఒకదాని కింద ఒకటి రాయించి, ప్రాసాక్షరం చూడమన్నారు. శారద, చారు, దార, పూర: నన్నయకు ప్రాస రేఫ, అంటే ర. స్ఫుర, వర, ధుర, కర: ఎఱ్ఱనకూ ప్రాస రేఫే. వృత్తం మారింది, వేళ మారింది, ప్రాస అలాగే కొనసాగింది. నన్నయ "శారద" అన్న మాటతో పద్యం ఎత్తుకున్నాడు. ఎఱ్ఱన ఆ మాటను నాలుగో పాదం చివరి దాకా ఆపి, "శారదవేళఁ జూడఁగన్" అని అక్కడ దించాడు. నన్నయ మొదటి మాట ఎఱ్ఱన చివరి మాటల్లో తేలింది. నన్నయ పద్యంలో పొడవాటి సంస్కృత సమాసాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని సాగుతాయి. ఎఱ్ఱన కూడా సమాసాలతోనే నడిపించాడు గాని వాటి మధ్య "పొంపిరివోయి", "సెలంగఁగా", "వెలింగె" అన్న తెలుగు మాటలను కీలు పెట్టినట్టు పెట్టాడు. అద్దం పట్టినట్టు అనుకరించి ఉంటే ఈ కీళ్లు ఉండేవి కావు. నన్నయ గొంతులోకి పోయినప్పుడు కూడా ఎఱ్ఱన ఎఱ్ఱనగా ఎక్కడ మిగిలాడో ఆ మూడు క్రియల్లో నాకు కనిపించింది. మాట రాక చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

దీని మీద ఇచ్చిన అభ్యాసం ఇంకా బాగుంది. పద్నాలుగు మంది నోటుబుక్కులనూ కలిపేసి, ఒకరిది మరొకరికి పంచారు. అవతలివారు ఆపిన చోటి నుంచి తరువాతి పద్యం మనం రాయాలి. మూడో మనిషికి చదివి వినిపిస్తే రాసినవారు మారారని తెలియకూడదు. నాకు గుమాస్తాగారి నోటుబుక్కు వచ్చింది. ఆయన మాటలు నూక, తవుడు, కాటా, గోతాం. నా మాటలు ఆఫీసు మాటలు. ఆయన ఒక్కో పాదానికి ఒక్కో వాక్యం రాస్తారు. నేను తిక్కన మోజులో పాదాలు దాటించి రాస్తాను. నా అలవాటును పక్కన పెట్టి ఆయన అలవాటుతో రాయబోతే, నా అలవాటు ఏదో నాకు మొదటిసారి స్పష్టంగా తెలిసింది. నేను రాసిన పద్యాన్ని డిగ్రీ అమ్మాయి వెంటనే పట్టేసింది. "కాటా" అన్న మాటకు నేను "మీద" అని చేర్చాననీ, గుమాస్తాగారైతే కాటా "ఎక్కించి" అంటారనీ చెప్పింది. ఆయన తలూపారు.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. అన్నిటికంటే పెద్దది మొల్ల లేకపోవడం. 24 వారాల పాఠక్రమంలో ఒక్క కవయిత్రి లేదు. తేనె సోకగానే నోరు తీయన అయినట్టు అర్థం తోచాలని, గూఢశబ్దాలతో కూర్చిన కావ్యం మూగ చెవిటివారి ముచ్చట అవుతుందని ఆటవెలదిలోనే చెప్పిన కవయిత్రిని, ఆటవెలది నేర్చుకునే వారాల్లో చదివించకపోవడం నాకు మింగుడుపడలేదు. నేను ఈ విషయం అయ్యవారితోనే నేరుగా చెప్పాను. వచ్చే తరగతిలో చేరుస్తామని అన్నారు, చేరుస్తారనే ఆశిస్తున్నాను.

రెండోది, ఇచ్చే జెరాక్సు ప్రతులు. పాత ముద్రణల నుంచి ఎవరో టైపు చేసినవి కాబట్టి వాటిలో అరసున్నలు చాలావరకు ఎగిరిపోయాయి, బండి ఱ చాలాచోట్ల మామూలు ర అయిపోయింది. ప్రాస నేర్పే చోట ర, ఱ కలిసిపోతే విద్యార్థి తప్పును ఒప్పుగా నేర్చుకుంటాడు. రెండు మూడు పద్యాల్లో ఏకంగా ఒక అక్షరమే పోయింది. గణవిభజన చేస్తూ తప్పు నాదేనేమో అని గంటసేపు తల పట్టుకున్న రోజు కూడా ఉంది. మంచి ముద్రిత ప్రతి దగ్గర పెట్టుకోకుండా ఈ కాగితాల మీద పూర్తిగా ఆధారపడవద్దని చేరబోయేవారికి చెబుతున్నాను.

మూడోది కొంచెం లోతైన సంగతి. తిక్కన, నన్నయల ఒరవడిలో నెలల తరబడి ఉన్నాక, మాలో కొందరికి "గాంచెను", "వచియించె", "మఱియు" లాంటి మాటలు చేతి నుంచి ఊడిరాని పరిస్థితి వచ్చింది. దీనికి విరుగుడుగా చివర్లో రెండు వారాలు కవికోకిల దువ్వూరి రామిరెడ్డిని పెట్టారు. నెల్లూరు సీమలో పుట్టి, రైతు బతుకును కృషీవలుడు కావ్యంలో పద్యానికి ఎక్కించి, పారశీక రుబాయీలను పానశాలగా తెలుగు చేసిన ఆ కవి దగ్గర ఇరవయ్యో శతాబ్దపు పద్యం ఎలా ఊపిరి పీల్చుకుందో చూడవచ్చు. కాని రెండు వారాలు ఏ మూలకూ చాలవు. పోతనకు ఇచ్చిన నాలుగు వారాల్లో ఒకటి తగ్గించి అయినా ఈ భాగాన్ని పెంచాలి. వచన కవిత రాయాలనుకునేవారికి ఇక్కడ నేరుగా దొరికేది ఏమీ లేదు. ఆ సంగతి చేరే ముందే తెలిసి ఉండడం మంచిది.

వసతి గురించి రెండు మాటలు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కష్టం. గదిలో ఫ్యాన్లు రెండే. నెల్లూరు మే నెల ఎండలో సాయంత్రం నాలుగు గంటలంటే ఆ గదిలో కూర్చోవడం పరీక్షే. పద్నాలుగు మందికీ పద్యం చదివి సరిదిద్దే సమయం రెండున్నర గంటల్లో సరిపోదు. ఎవరికో ఒకరికి ప్రతి వారం "వచ్చే వారం చూద్దాం" అన్న జవాబే దక్కేది. పదిమందికి మించి చేర్చుకోకపోతే బాగుంటుంది.

రుసుము ఆరు నెలలకు 2,400 రూపాయలు, జెరాక్సు ప్రతులతో కలిపి. విద్యార్థులకు సగం. మానేస్తే తిరిగి ఇవ్వరు గాని, మధ్యలో ఆగినవారు తరువాతి తరగతిలో అదే వారం నుంచి మళ్లీ కూర్చోవచ్చు. ఛందస్సు ముందే తెలిసి ఉండనక్కరలేదు. తెలుగు తప్పుల్లేకుండా చదవగలిగి, వారానికి ఐదారు గంటలు ఇంటిపనికి కేటాయించగలిగి, తను రాసిన పాదాన్ని నలుగురి ముందు కొట్టేస్తే భరించగలిగితే చాలు. మొదటి 12 వారాలు ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేరు వాడకూడదన్న నియమం ఉంది. అది పాటించండి, వేలి కణుపుల మీద మాత్రలు లెక్కపెట్టడం వల్ల చెవి తయారవుతుంది. కొత్త తరగతి సంక్రాంతి తరువాతి ఆదివారం మొదలవుతుంది. 200 పేజీల పొడవాటి నోటుబుక్కు, ఒక పెన్సిలు తెచ్చుకుంటే సరిపోతుంది. ఎర్ర సిరా పెన్ను అయ్యవారి దగ్గర ఉంటుంది.